అనుమతి పొందిన రాశిఫలాలు

ఎనిమిదో తరగతిలో మా లెక్కల మాస్టారు నన్ను బెంచీ ఎక్కించి, "ఒరేయ్, నువ్వొక్కడివి నోరు మూసుకుంటే ఈ క్లాసంతా బాగుపడుతుందిరా" అన్నారు. ఇంట్లో పరిస్థితులు కూడా కలిసొచ్చి ఆ ఏడాదే నేను బడి మానేశాను. ఆ ఏడాది క్లాసంతా పాసయింది. మాస్టారి చూపు మీద నాకు ఇప్పటికీ గౌరవమే.

ఆ నోరు వేసుకునే సిడ్నీ వచ్చాను. వచ్చానంటే నా ప్రతిభ చూసి ఎవరో పిలిచారని కాదు. మా ఆవిడ నర్సు. వీసా ఆవిడది, నేను ఆవిడ మీద ఆధారపడినవాణ్ణి. కాగితాల్లో ఈ ప్రభుత్వం ఆ మాటే రాసింది. మా మామగారు అదే సంగతి పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టారు గానీ, ముద్ర వేసి ఇవ్వలేదు. ఇప్పుడు పడమటి శివార్లలో బస్సు నడుపుతాను. బస్సు కదులుతుంటే డ్రైవరుతో మాట్లాడొద్దంటారు. డ్రైవరు మాట్లాడకూడదని ఎవరూ అనలేదు కాబట్టి ఆ ఉద్యోగంలో సుఖంగానే ఉన్నాను.

మా తెలుగు సంఘంలో మాత్రం నాకు ఏడాదికి ఒక్క రోజు ఉద్యోగం. ఉగాది నాడు హాల్లో పంతులుగారు అసలు పంచాంగం చదివి లేచాక, నేను ఆ పీట మీదే కూర్చుని ఉత్తుత్తి పంచాంగం చదువుతాను. అదే రాగం, అదే సాగదీత. రాజపూజ్యం, అవమానం, ఆదాయం, వ్యయం అన్నీ ఉంటాయి. కాకపోతే ఫలితాలు మా సంఘం వాళ్ళవి. మేషరాశి వారు బార్బెక్యూకని పిలిచి పప్పుచారు పోసి పంపుదురు. వృషభరాశి వారు పిల్లల్ని తెలుగు క్లాసులో దింపి, కారులో కూర్చుని ఇంగ్లీషులో పోట్లాడుకొందురు. కెల్లీవిల్‌లో రెండంతస్తుల ఇల్లు కట్టినవారికి రాజపూజ్యం ఏడు, ఆ ఇల్లు తుడుచుకొనువారికి అవమానం ఏడు. ఇలాగ.

దానికొక కట్టుబాటు ఉంది. ఎవరు పెట్టారో తెలీదు, అందరికీ తెలుసు. ఆ పీట మీద కూర్చుని నేను ఎవరినైనా తిడితే ముద్దు చేసినట్టు, పొగిడితే తిట్టినట్టు. "ఫలానా వారు శాంతమూర్తులు" అన్నానంటే, కిందటి నెల పార్కింగులో గొడవపడింది ఆయనేనని చిన్నపిల్లలు కూడా వెనక్కి తిరిగి చూస్తారు. ఇక్కడ పుట్టిన పిల్లలు, తెలుగు ప్రశ్నకి ఇంగ్లీషులో జవాబు చెప్పేవాళ్ళు, వాళ్ళకి కూడా అర్థమయ్యే తెలుగు ఏదైనా ఉందంటే ఇదొక్కటే.

మా అధ్యక్షులవారు డాక్టరు. అందరికీ డాక్టర్ అంకుల్. మంచాయన, ఆ ముక్క ముందే చెప్పాలి. ఈ ఊళ్ళో కరివేపాకు దొరకని రోజుల్లో వచ్చారు. ఎవరింట్లో చావొచ్చినా, ఎవరికి అర్ధంతరంగా ఉద్యోగం పోయినా ఆయన కారు ఆ ఇంటి ముందు ఉండేది. సంఘం ఆయనే పెట్టారు. పెట్టినప్పటినుంచీ అధ్యక్షుడూ ఆయనే. ఎప్పుడూ ఏకగ్రీవం.

ఆ ఏకగ్రీవం ఎలా జరుగుతుందో చెప్పాలి. మా సంఘం సర్వసభ్య సమావేశం ఉగాది రోజునే, సరిగ్గా భోజనాల వేళకి పెడతారు. జనం పులిహోర, బూరెలు వడ్డించుకుని వరసలో ఉండగా మైకులో సెక్రటరీ, "అధ్యక్షులుగా మళ్ళీ వారినే ప్రతిపాదిస్తున్నాం, అభ్యంతరం ఉన్నవారు చేతులెత్తండి" అంటాడు. రెండు చేతులతో ప్లేటు పట్టుకున్నవాడు చెయ్యెలా ఎత్తుతాడు? చెయ్యెత్తితే సాంబారు ముందువాడి జుబ్బా మీద. అయిపోయింది, ఏకగ్రీవం.

ఈ గొడవంతా జరిగిన ఏడాది నా పంచాంగంలో ఆ ప్లేట్ల సంగతి రాసుకున్నాను. సింహరాశి కింద. డాక్టర్ అంకుల్‌ది సింహరాశి.

ఇక మా బామ్మర్ది సంగతి. మా ఆవిడ తమ్ముడు. సాఫ్ట్‌వేరు. పని వీసా మీద వచ్చాడు. ఆ వీసా గడువు ఆ శీతాకాలానికి, అంటే ఇక్కడ జూన్ జులైలకి, అయిపోతుంది. ఈలోగా కంపెనీవాళ్ళు "వీడు మాకు కావాలి, ఇక్కడే ఉండనివ్వండి" అని ప్రభుత్వానికి చెప్పాలి. దాన్నే నామినేషన్ అంటారు. చెప్పకపోతే సామాను సర్దుకోవడమే. అతని భార్యకి నెలలు నిండుతున్నాయి. పురుడు ఏ దేశంలో పోసుకోవాలో ఆ పిల్లకి తెలీదు. రోజూ మా ఇంటికొచ్చి మా ఆవిడ దగ్గర కూర్చుని ఉయ్యాల కొనాలా వద్దా అని అడిగేది. ఆఫీసులో ఆ నామినేషన్ వెయ్యాల్సిన మేనేజరు ఎవరయ్యా అంటే, డాక్టర్ అంకుల్ అల్లుడు.

ఇప్పుడు మా అమ్మాయి. యూనిలో, అంటే యూనివర్సిటీలో, చరిత్ర చదువుతోంది. నా కూతురు యూనికి వెళ్తోందని తెలిస్తే మా లెక్కల మాస్టారు ఏమంటారో గానీ, నాకు మాత్రం అది మాట్లాడుతుంటే సగమే అర్థమై, పూర్తిగా గర్వంగా ఉంటుంది. ఆ టర్ములో దానికొక ప్రెజెంటేషన్ ఇచ్చారు: ఈ దేశం ఇంకా ఇంగ్లండు వలసరాజ్యంగా ఉన్న కొత్తల్లో మనుషులు నోరు విప్పే హక్కు ఎలా సంపాదించారన్నది. సిటీలో పెద్ద లైబ్రరీలో ఆనాటి పత్రిక అద్దాల పెట్టెలో పెట్టారు, చూడాలి, రమ్మంది. ఆ రోజు నాకు సెలవు. పెండిల్ హిల్‌లో రైలెక్కి వెళ్ళాం.

అద్దం కింద ఒక పాత కాగితం. చిన్నచిన్న అక్షరాలు, పసుపు రంగు. నేను కళ్ళజోడు పెట్టుకుని చూశాను. ఓడలు వచ్చిన సంగతి, పారిపోయిన ఆవు సంగతి, గవర్నరు ఉత్తర్వులు.

"ఇందులో వార్తలేవే?" అన్నాను.

"ఎగ్జాక్ట్లీ, డాడ్" అంది. పైన పేరు దగ్గర ఒక వరస చూపించింది. అధికారుల అనుమతితో అచ్చయింది, అని.

తర్వాత అది ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయింది. నేను నా తెలుగులోకి దించుకుంటూ విన్నాను. ఆ రోజుల్లో ఈ ఊరంతా గోడల్లేని జైలు. తిండి గింజ దగ్గర్నుంచి శిక్ష దాకా అన్నీ గవర్నరు చేతిలో. మొదటి పత్రిక గవర్నరు ఇంటి వెనక పాకలో అచ్చేశారు. అచ్చు వేసినాయన కూడా శిక్ష పడి ఓడలో వచ్చిన ఖైదీయే. అక్షరాలు పేర్చి ఒక కాగితం మీద తీసి, గవర్నరుగారి ఆఫీసుకి పంపేవాడు. వాళ్ళు చదివి, కొట్టేయాల్సింది కొట్టేసి పంపితే అప్పుడు అచ్చు.

"మరి జనం ఊరుకున్నారా? తిట్టుకోకుండా మనుషులు ఎలా బతుకుతారే?"

"తిట్టుకున్నారు. పేరు పెట్టకుండా పాటలు కట్టి, కాగితం గొట్టంలా చుట్టి వీధిలో పడేసేవాళ్ళు. ఎవరో ఏరుకుని చదివి, ఇంకొకరికి చెప్పేవాళ్ళు. పెద్ద పెద్ద ఆఫీసర్ల మీద."

ఆ గొట్టాలు చుట్టినవాళ్ళెవరో గానీ వాళ్ళు నాకు చుట్టాల్లా అనిపించారు.

చాలా ఏళ్ళ తర్వాత ఇద్దరు లాయర్లు గవర్నర్ని అడగకుండానే సొంత పత్రిక పెట్టారట. తర్వాత వచ్చిన గవర్నరుకి ఒళ్ళు మండింది. పత్రికకి లైసెన్సు ఉండాలి, నచ్చకపోతే నేను లాక్కోవాలి అన్నాడు. పెద్ద జడ్జి కుదరదన్నాడు, ఇంగ్లండులో ఉండేవాడికున్న హక్కు ఇక్కడివాడికీ ఉంటుందన్నాడు. గవర్నరు పన్ను వెయ్యబోయాడు, అదీ నిలవలేదు. చివరికి పరువునష్టం కేసులు పెట్టాడు. ఒక ఎడిటర్ని జైల్లో వేస్తే జైల్లోంచే రాశాడట.

"వీళ్ళందరూ హక్కులు హక్కులని కొట్టుకున్నారు గానీ" అంది మా అమ్మాయి, గొంతు కొంచెం తగ్గించి, "ఈ నేల ఎవరి దగ్గర్నుంచి లాక్కున్నారో వాళ్ళ మాటకి మాత్రం ఏ పత్రికలోనూ చోటు లేదు, నాన్నా." అది నాన్నా అని పిలిచిందంటే మనసులోంచి మాట్లాడుతోందని అర్థం. నేను ఆ కాగితం మళ్ళీ చూశాను. ఆవు పోయినవాడికి నాలుగు వరసలు ఇచ్చారు.

"మొదటివాడు, ఆ ఖైదీ. వాడు గవర్నరు మీద ఒక్క జోకైనా వేశాడా?"

"నో. ఆయన విడుదల గవర్నరు చేతిలో ఉంది కదా. బుద్ధిగా ఉన్నాడు. తర్వాత క్షమాభిక్ష ఇచ్చారు."

సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. డాక్టర్ అంకుల్. లైబ్రరీలో అందరూ నావైపు చూశారు. స్తంభం చాటుకెళ్ళి గుసగుసగా "నమస్కారం అంకుల్" అన్నాను.

"ఏమయ్యా, గొంతు పోయిందా? ఉగాదికి పనికిరావాలి."

"లైబ్రరీలో ఉన్నానంకుల్."

"నువ్వా?" అన్నారు.

"అమ్మాయి తీసుకొచ్చింది."

"అదీ. సరే, విను. ఈసారి నీ పంచాంగం ఒకసారి నాకు పంపు. చూసి పంపిస్తాను. కౌన్సిల్ నుంచి గెస్టులు వస్తున్నారు."

"వాళ్ళకి తెలుగు రాదుగా అంకుల్."

"మనవాళ్ళకి వచ్చుగా."

నేను స్తంభానికి ఇంకా దగ్గరగా జరిగాను.

"అన్నట్టు, మీ బామ్మర్ది బాగా పనిచేస్తాడని మా అల్లుడు చెప్పాడు. అతని నామినేషన్ సంగతి చూస్తున్నారట. మంచి కుర్రాడు. ఉంటానయ్యా."

ఆ మాటల్లో బెదిరింపు ఎక్కడుందో చూపించమంటే నేను చూపించలేను. అన్నీ మంచి మాటలే. పక్కింటివాళ్ళతో అన్నా ఆశీర్వాదంలాగే ఉంటాయి. కానీ స్తంభం చాటు నుంచి ఇవతలికి వస్తూ ఆ మాటలే మనసులో మళ్ళీ మళ్ళీ అనుకున్నాను. మా అమ్మాయి నా మొహం చూసి, "వాట్ హ్యాపెండ్?" అంది.

"నా పత్రిక గవర్నరు ఆఫీసుకి పంపమన్నారే" అన్నాను.

ఆ సాయంత్రం మా ఇంట్లో పంచాయితీ. బామ్మర్ది ఆఫీసు నుంచి నేరుగా వచ్చాడు. సంగతి చెప్పగానే సోఫాలో కూలబడ్డాడు. మా ఆవిడ వంటింట్లోంచి చపాతీ కర్రతో సహా వచ్చింది.

"ఏవండీ, జోకు మీది. సూట్‌కేసులు సర్దుకునేది వాళ్ళు. ఆ పిల్లని చూశారా మీరు, నిన్న ఇక్కడ కూర్చుని ఏడ్చింది."

"అదంతా మన భయమేనేమో. ఆయన అలాంటి మనిషి కాదు."

"కాకపోతే సరే. అయితే?"

మా అమ్మాయి మెట్ల మీద కూర్చుని ఉంది. "దిస్ ఈజ్ సెన్సార్‌షిప్" అంది. "మామయ్యా, యూ ఆర్ లైక్ ద కన్విక్ట్ ప్రింటర్."

"కన్విక్టుకైనా శిక్ష ఎన్నేళ్ళో ముందే చెబుతారు తల్లీ" అన్నాడు బామ్మర్ది. "నాకు అదీ చెప్పలేదు."

మేమందరం నవ్వాం.

"నువ్వు చెప్పరా" అన్నాను. "నువ్వేమంటే అది."

"అలా అనకు బావా. నేను వద్దంటే, నా మూలంగా నువ్వు నోరు మూసుకున్నావని నువ్వు జీవితాంతం అంటావు. వెయ్యమంటే, రేపు ఏదైనా అయితే మా ఆవిడ జీవితాంతం అంటుంది. నన్ను అడక్కు."

వాడు చెప్పింది నిజం. మాట్లాడే హక్కు గురించి లైబ్రరీలో అంత సేపు విన్నానా, అక్కడ నాకు తట్టని ముక్క ఇంట్లో తట్టింది. జైల్లోంచి రాసిన ఎడిటరు గొప్పవాడే. కానీ వాడు కూర్చున్న జైలు వాడిదే. నేను నోరు జారితే జైలు ఇంకొకడిది. నా నాలుకకి వేరేవాడి వీసా పెట్టుబడిగా పెట్టడానికి నేనెవణ్ణి? మెట్ల మీద కూర్చున్న మా అమ్మాయికి ఈ మాట చెబితే, "దట్స్ హౌ ఇట్ వర్క్స్, డాడ్. అందరూ ఇంకొకరి కోసమే భయపడతారు" అంది. అదీ నిజమే. ఆ ఇంట్లో ఆ పూట అందరూ నిజమే మాట్లాడారు, అందుకే ఏదీ తేలలేదు.

చివరికి పంచాంగం ఫోటోలు తీసి డాక్టర్ అంకుల్‌కి వాట్సాప్‌లో పంపించాను. పంపేముందు సింహరాశి నేనే తీసేద్దామనుకున్నాను. వేలు ఒప్పుకోలేదు. తీసేయాలంటే ఆయనే తియ్యనీ అనుకున్నాను. అంతవరకే నా వీరత్వం.

మర్నాడు తిరిగొచ్చింది. పప్పుచారు జోకు ఉంచారు. రెండంతస్తుల ఇల్లు ఉంచారు. సింహరాశి మొత్తం కొట్టేశారు. కొట్టేసి ఊరుకుంటే బాగుండేది. ఖాళీగా ఉంటే అసభ్యంగా ఉంటుందనుకున్నారో ఏమో, ఆ చోట ఆయనే స్వయంగా, గుండ్రటి అక్షరాలతో, కొత్త ఫలితం రాశారు. కింద, "ఇది ఉన్నది ఉన్నట్టు చదువు. మార్చవద్దు" అని ఇంకో మెసేజి.

నేను చదివి మా ఆవిడకి చూపించాను. ఆవిడ చదివి, "బాగానే ఉందిగా. పొగుడుకున్నారు. పెద్దాయన, పోనిద్దురూ" అంది. ఆవిడకే కాదు, నాకూ అప్పుడు ఏమీ అనిపించలేదు. ఒక గండం గడిచిందనుకున్నాం. పీట మీద కూర్చుంటే ఆ మాటలు ఏమవుతాయో ఇద్దరికీ తట్టలేదు. ఇంట్లో సోఫా మీద చదివితే అది పొగడ్తే మరి.

ఉగాది నాడు హాలు నిండిపోయింది. వేపపువ్వు ఎవరో ఫ్రీజరులోంచి తెచ్చారు. ముందు వరసలో డాక్టర్ అంకుల్, ఆయన పక్కన ఆంటీ, అటుపక్క కౌన్సిల్ గెస్టు, అంటే ఇక్కడి మున్సిపాలిటీ పెద్దమనిషి, మెడలో పసుపు కండువా. రెండో వరసలో అల్లుడు. బామ్మర్ది వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. వాళ్ళావిడ కుర్చీలో, పొట్ట మీద చేతులు పెట్టుకుని.

మేషానికి బాగా నవ్వారు. వృషభానికీ బాగా నవ్వారు. మిథునంలో నన్ను నేను తిట్టుకున్నాను, చప్పట్లు కొట్టారు. కర్కాటకం అయింది. జనం ముందుకి వంగారు. సింహరాశి ఎవరిదో అందరికీ తెలుసు, ఏటా వాళ్ళు ఎదురుచూసేది దానికే.

నేను గొంతు సవరించుకుని, ఉన్నది ఉన్నట్టు, రాగం తీసి మొదలుపెట్టాను.

"సింహరాశి. ఇది మన అధ్యక్షులవారి రాశి. వీరి నాయకత్వమున సంఘము దినదినాభివృద్ధి చెందును."

ఎక్కడో ఒకరు కిసుక్కుమన్నారు.

"వీరి నిస్వార్థ సేవను సభ్యులు ఏకకంఠముతో కొనియాడుదురు."

వెనక వరసలు భళ్ళుమన్నాయి. అప్పుడు తెలిసింది నాకు. అరికాళ్ళ దగ్గర్నుంచి తెలిసింది. ఆ పీట మీద పొగిడితే తిట్టినట్టు. ఆ సంగతి హాల్లో పిల్లలకి తెలుసు. రాసేటప్పుడు రాసినాయనకి గుర్తులేదు, తెచ్చుకునేటప్పుడు నాకు గుర్తులేదు. ఇంకో వాక్యం మిగిలి ఉంది. ఆపితే, ఎందుకు ఆపావని ఆయన అంటారు. మారిస్తే, మార్చవద్దన్నారు. బామ్మర్ది వైపు చూశాను. వాడు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

చదివాను. "పదవీకాంక్ష ఏమాత్రము లేకున్ననూ, ప్రజల ఒత్తిడి వలన పదవియందు కొనసాగుదురు."

నా జన్మలో అంత నవ్వు నేను తెప్పించలేదు. కుర్చీలు కదిలాయి. ఒకాయన దగ్గుతూ బయటికెళ్ళాడు. "నవ్వకండమ్మా, ఇది నిజం" అన్నాను. ఇంకా నవ్వారు. "మీమీద ఒట్టు, మనస్ఫూర్తిగా చదువుతున్నాను" అన్నాను. ఒక ముసలావిడ చేతులు జోడించి, "ఇక ఆపు నాయనా, ఊపిరాడట్లేదు" అంది. ఇది నేను రాయలేదండీ అని చెప్పే వీల్లేదు. అంటే ఎవరు రాశారని అడుగుతారు. చెబితే నవ్వి నవ్వి పడ్డవాళ్ళు మరి లేవరు.

కౌన్సిల్ గెస్టు పక్కనున్న సెక్రటరీని ఏమిటని అడిగాడు. సెక్రటరీ చెవిలో చెప్పాడు. ఆయన కూడా నవ్వి, డాక్టర్ అంకుల్ భుజం తట్టాడు. డాక్టర్ అంకుల్ నవ్వలేదు. ఆంటీ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది, భుజాలు కదులుతున్నాయి. ఆయన ఆవిడవైపు ఒకసారి చూసి, తర్వాత నావైపు చూశారు. ఆపరేషన్‌కి ముందు చూసే చూపు. కన్యారాశి నుంచి మీనం దాకా నేను ఏం చదివానో నాకు గుర్తులేదు.

భోజనాలు మొదలయ్యాయి. వరసలు కట్టారు, ప్లేట్లు నిండాయి. సెక్రటరీ మైకు పట్టుకున్నాడు. "అధ్యక్షులుగా మళ్ళీ వారినే..." అంటుండగా వరస మధ్యలో ఒకావిడ, బ్యాంకులో పనిచేస్తుంది, ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగదు, తన ప్లేటు పక్కనున్న కుర్చీ మీద పెట్టింది. పెట్టి చెయ్యెత్తింది.

ఆ ప్లేట్ల జోకు నేను చదవలేదు. ఎవరికీ చెప్పలేదు. మాట బయటికి రాకుండానే ఆవిడకి ఎలా అందిందో నాకు తెలీదు. బహుశా ఏటా అక్కడ నిలబడి అందరూ అదే అనుకుంటున్నారేమో.

"అభ్యంతరం కాదండీ" అంది ఆవిడ. "తినేశాక, అందరం కూర్చుని పెట్టుకుందాం అంటున్నాను."

ఇంకో ప్లేటు కుర్చీ మీదకి దిగింది. ఇంకోటి. స్టీలు చెంచాలు టకటకమన్నాయి. నవ్వేవాళ్ళు ఎవరూ లేరు. అందరూ డాక్టర్ అంకుల్ వైపు చూస్తున్నారు. ఆయన చేతిలో కూడా ప్లేటుంది. ఆయన దాన్ని చూసుకుని, "సరేనమ్మా. ముందు తినండి, చల్లారిపోతుంది" అన్నారు.

తినేశాక కూర్చున్నారు. మొదటిసారి చేతులు లెక్కపెట్టారు. ఆయనే గెలిచారు, మంచి తేడాతో. కానీ వద్దన్న చేతులు కూడా లేచాయి. వాటిని ఆయన ఒక్కొక్కటీ చూశారు.

తర్వాత రోజులు నాకు బాగా గడవలేదు. ఆఫీసులో అల్లుడు మామూలుగానే ఉన్నాడని బామ్మర్ది చెప్పాడు, కానీ నామినేషన్ ఊసెత్తలేదట. మామూలుగా ఉండటం మంచిదా చెడ్డదా? బస్సులో సిగ్నలు దగ్గర ఆగిన ప్రతిసారీ అదే ఆలోచన. మా ఆవిడ నాతో మాట్లాడేది గానీ వాక్యాలు చిన్నవయ్యాయి. బామ్మర్ది భార్య రావడం మానేసింది. ఉయ్యాల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. మా అమ్మాయి ప్రెజెంటేషన్‌కి మంచి మార్కులొచ్చాయట. "నీ స్టోరీ చెప్పాను, నాన్నా, పేర్లు లేకుండా" అంది. గొప్ప. నేను ఇప్పుడు యూనిలో పాఠం అయ్యాను, బామ్మర్ది విమానాశ్రయంలో సామానవుతాడు.

ఇక ఆగలేక ఒక శనివారం పొద్దున్నే కెల్లీవిల్ వెళ్ళాను, చెప్పకుండా. డాక్టర్ అంకుల్ ఇంటి ముందు పూలమొక్కలకి నీళ్ళు పెడుతున్నారు. నన్ను చూసి పైపు ఆపలేదు.

"అంకుల్, తప్పెవరిదైనా కోపం నా మీద పెట్టుకోండి. సంఘంలోంచి తీసెయ్యండి, పీట తీసెయ్యండి. వాడి నామినేషన్ మాత్రం..."

ఆయన పైపు ఆపారు. "ఏమన్నావు?"

మళ్ళీ అన్నాను.

"అది నిన్ననే వేసేశారయ్యా. మావాడు రాత్రి చెప్పాడు. మీవాడికి సోమవారం చెబుతారు." నా మొహంలోకి చూశారు. "నేను ఆపిస్తాననుకున్నావా?"

నేను మొక్కల వైపు చూశాను. ఆయన మొహం ముడుచుకుపోయింది. కోపం కాదు, ఇంకేదో. ఆ రోజు ఫోనులో ఆ మాట ఊరికే అన్నారో, కావాలనే అన్నారో నాకు అప్పుడూ తెలీలేదు, ఇప్పుడూ తెలీదు. ఆయనకైనా తెలుసో లేదో. భయపడ్డది మాత్రం నిజంగా భయపడ్డాం. అన్ని రోజులూ బామ్మర్ది ఇంట్లో ఉయ్యాల కొనలేదు.

ఆంటీ కాఫీ తెచ్చింది. ఇద్దరం వరండాలో కూర్చున్నాం. ప్రాణం కొంచెం తిరిగొచ్చాక నా నోరు కూడా తిరిగొచ్చింది.

"ఏమైనా అనండి అంకుల్, నా తప్పేం లేదు. మీరు రాసింది రాసినట్టు చదివాను. ఒక్క అక్షరం మార్చలేదు."

ఆయన కాఫీ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, పైపు మళ్ళీ అందుకున్నారు.

"వచ్చే ఏడాది నుంచి నువ్వే రాసుకోవయ్యా, నేను చూడను. నువ్వు రాస్తే జనం అంతగా నవ్వరు."